నీళ్లు లేకుండా మునిగిన ఊరు

పేరులో కొండ ఉంది, ఊళ్లో కొండ లేదు. వరద రాలేదు, ఏరు పొంగలేదు. అయినా 2008లో ‘అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ మునిగిన ఊరు’ అంటూ పత్రికలు రాసింది దీని గురించే! ఆ ఊరి పేరు మౌంటెన్ హౌస్. ఇప్పుడక్కడ సాయంత్రం వాకింగ్‌కి వెళితే వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి చేరేలోగా ఎక్కడో ఒకచోట తెలుగు మాట చెవిన పడుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తూర్పుకి గంట పైచిలుకు ప్రయాణం, ట్రాఫిక్ లేకపోతే. మాకు ఉంది. కారులో కూర్చున్నాక రెండు గంటలు దాటినా లివర్‌మోర్ రాలేదు. ‘‘ఇంకా నయం, శుక్రవారం సాయంత్రమైతే మూడు గంటలు’’ అన్నారు బావగారు, అదేదో సంతోషించాల్సిన విషయమన్నట్టు. లివర్‌మోర్ దాటాక ఆల్టమాంట్ కనుమ. రెండువైపులా ఎండిన గడ్డితో లేత గోధుమరంగు గుట్టలు. వాటిమీద వరసలుగా గాలిమరలు. అమెరికాలో గాలితో కరెంటు తీయడం మొదలైన తొలి చోట్లలో ఇదొకటి, 1980ల్లో పెట్టారు. కనుమ దిగగానే నేల ఒక్కసారిగా చదునైపోతుంది. ఆ చదును మొదట్లోనే ఉంటుంది మౌంటెన్ హౌస్.

పెద్దనాన్నగారి అమ్మాయి, మా అక్క, ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో ఉంటోంది. ‘ఇరవయ్యేళ్లుగా ఒకే ఊళ్లో’ అంటుంది తను. ‘ఒకే ఇంట్లో’ అనదు. అందులో ఉన్న తేడా ఏంటో నాకు గత అక్టోబరులో వెళ్లేదాకా సరిగ్గా తెలీదు. 2010లో నేను డిగ్రీ చదువుతున్నాను. ‘అక్కావాళ్లు ఇల్లు మారారట’ అని అమ్మ చెప్పింది, అంతే. పెద్దవాళ్ల మాటల్లో ‘మారారు’ అన్న మాటకి ఎన్ని అర్థాలో!

పేరుకో కథ

1849లో కాలిఫోర్నియాలో బంగారం పడిందని జనం ఎగబడినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గనులకు వెళ్లే దారిలో ఓ విడిది ఉండేది. మొదట డేరా, తర్వాత మట్టిగోడల ఇల్లు. కొండ దిగాక కనపడేది కాబట్టి మౌంటెన్ హౌస్. నూట యాభై ఏళ్లు ఆ పేరు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. అంతా పొలాలు. 1994లో శాన్ వాకిన్ కౌంటీ ఇక్కడో కొత్త పట్నానికి ఒప్పుకుంది. మొత్తం 12 ‘విలేజ్’లు, బడి చుట్టూ ఇళ్లు, మధ్యలో పార్కు. 2003లో మొదటి కుటుంబాలు దిగాయి.

ఎవరు వచ్చారు? సిలికాన్ వ్యాలీలో ఉద్యోగం, అక్కడ ఇల్లు కొనే స్తోమత లేనివాళ్లు. రోజూ పోనూరానూ మూడు నాలుగు గంటలు కారులో కూర్చోడానికి సిద్ధపడితే ఇక్కడ నాలుగు బెడ్‌రూముల ఇల్లు వస్తుంది. బావగారు 2006 జులైలో కొన్నారు, 6 లక్షల 40 వేల డాలర్లకి. చేతిలోది 64 వేలు. మిగతాదంతా అప్పే. ఒక బ్యాంకు దగ్గర 5 లక్షల 12 వేలు, అయిదేళ్లపాటు వడ్డీ మాత్రమే కట్టే పద్ధతి. ఇంకో బ్యాంకు దగ్గర రెండో తాకట్టుమీద 64 వేలు. ‘‘నేను బేరమాడలేదు. మా ముందు పాతికమంది చీటీలేసుకుని నిలబడ్డారు. చీటీలో నా పేరు వచ్చిందని స్వీట్లు పంచాను’’ అన్నారు.

గృహప్రవేశానికి తెనాలి నుంచి వాళ్ల నాన్నగారు వచ్చారు. హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అక్క ఆయన్ని మావయ్యగారు అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆయన పాలు పొంగించడం అయ్యాక పెరట్లోకి వెళ్లి, ఓ మూల గొయ్యి తవ్వి దానిమ్మ మొక్క నాటారు. ఆ ఫొటో అక్క ఫోనులో ఇప్పటికీ ఉంది. పంచె పైకి కట్టి, చేతిలో అట్టముక్కలాంటి కొత్త పారతో.

2007లో ఇంటి విలువ ఇంకా పెరిగిందని రెండో బ్యాంకువాళ్లే ఫోన్ చేసి అప్పు 95 వేలకు పెంచారు. దాంతో పెరట్లో సిమెంటు పని, ఇంట్లో ఫర్నిచరు, మిగిలింది తెనాల్లో బావగారి చెల్లెలి పెళ్లికి. ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. భోజనాలు బ్రహ్మాండం. ఆ గుత్తొంకాయ కూర కాలిఫోర్నియాలో ఓ ఇంటి గోడల్లోంచి వచ్చిందని అప్పుడెవరికి తెలుసు?

ఇల్లు నిలబడే ఉంది... మునిగింది!

ఇంటి విలువకన్నా ఇంటిమీద అప్పు ఎక్కువైతే ఆ ఇల్లు ‘అండర్‌వాటర్’లో ఉందంటారు అమెరికావాళ్లు. 2008 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ ఊరి గురించి రాసింది. దేశంలో అందరికన్నా లోతున ఉన్నది మౌంటెన్ హౌస్ పిన్‌కోడ్ అని. దాదాపు 90 శాతం ఇంటి యజమానులు విలువను మించిన అప్పులో ఉన్నారనీ, సగటున ఒక్కొక్కరు లక్షా 22 వేల డాలర్లు కిందికి మునిగారనీ లెక్క తేల్చారు. ఉత్తరాన ఓల్డ్ రివర్ పారుతుంటుంది. పక్కనే దక్షిణ కాలిఫోర్నియాకి నీళ్లు తీసుకెళ్లే పెద్ద కాలవలు మొదలవుతాయి. ఆ నీళ్లు ఎవరి గడపా తాకలేదు.

పక్కనున్న స్టాక్టన్ పరిస్థితి మరీ ఘోరం. ఫోర్‌క్లోజర్లలో, అంటే అప్పు కట్టకపోతే బ్యాంకు ఇల్లు జప్తు చేసి వేలం వేసేయడంలో, ఆ ప్రాంతం 2007, 2008ల్లో దేశంలోనే ముందు వరసలో ఉండేది. జప్తు ఇళ్లు చూపించడానికి బస్సుల్లో టూర్లు నడిపారంటే నమ్మండి! ఆఖరికి 2012లో స్టాక్టన్ నగరమే దివాలా పిటిషన్ వేసింది. కాలిఫోర్నియాలో ఖాళీ ఇళ్ల ముందు గడ్డి ఎండిపోతే బాగుండదని పచ్చరంగు కొట్టేవాళ్లు. వాడని ఈతకొలనుల్లో దోమలు పెరుగుతున్నాయని దోమ పిల్లల్ని తినే చేపల్ని వదిలేవాళ్లు. ఇంటిల్లిపాదీ వెళ్లిపోయాక ఆ ఇంట్లో చేపలు కాపురముండేవన్నమాట.

2009 జనవరిలో బావగారి ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ఇప్పుడిచ్చే 60 రోజుల గడువు అప్పట్లో లేదు, ఆ నిబంధన వచ్చింది 2017లో. దొరికిన మొదటి కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిపోయారు. జీతం పాతదాంట్లో మూడింట రెండొంతులు. ఇంటి వాయిదాలూ పన్నూ కలిపితే నెలకి 4 వేల డాలర్ల పైచిలుకు. అదే వీధిలో అలాంటి ఇంటికి అద్దె అందులో సగం కూడా లేదు. ఇంటి విలువ 3 లక్షల 20 వేలకు పడిపోయింది. అప్పు 6 లక్షల 7 వేలు.

ఆ ఏడాదంతా వాయిదాలు తగ్గించమని బ్యాంకు చుట్టూ తిరిగారు. ప్రభుత్వం అందుకోసమే 2009లో ఓ పథకం తెచ్చింది కూడా. కాగితాలు పంపితే అందలేదనేవారు. మళ్లీ పంపితే పాతబడ్డాయి, కొత్తవి పంపమనేవారు. ‘‘నాలుగుసార్లు ఫ్యాక్స్ చేశాను. అయిదోసారి ఫోనెత్తిన అమ్మాయికి నా కేసే లేదు’’ అన్నారు బావగారు. అక్టోబరు నుంచి కట్టడం ఆపేశారు. 2010 జనవరిలో నోటీసు వచ్చింది.

తలుపు ముందునుంచే బయటికి...

కాలిఫోర్నియాలో పద్ధతి ఇదీ. డీఫాల్ట్ నోటీసు రిజిస్టరయ్యాక మూడు నెలలు గడువు. అప్పటికీ బకాయి తీరకపోతే వేలం తేదీ ప్రకటిస్తారు. ఆ కాగితం ఇంటి తలుపుకే అంటిస్తారు. వేలం కోర్టు మెట్లమీద జరుగుతుంది, న్యాయమూర్తి అక్కర్లేదు. అసలెలా ఉంటుందో చూద్దామని బావగారు ఓ రోజు స్టాక్టన్ వెళ్లారట. ఎండలో పదిమంది మనుషులు, జేబుల్లో బ్యాంకు చెక్కులు. ఒకాయన పట్టీ చూసి నంబర్లు చదువుతున్నాడు. వాళ్ల వీధిలోనే ఉండే ఓ ఇల్లు రెండు నిమిషాల్లో అయిపోయింది. ‘‘మన తెనాల్లో పాత సైకిలు అమ్మినా ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది’’ అన్నారు.

ఇది మనకీ కొత్తేం కాదు. మన పత్రికల్లోనూ వెనక పేజీల్లో ‘స్వాధీన ప్రకటన’లు చూస్తుంటారుగా. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకున్నామని బ్యాంకు వేసే ప్రకటనలవి. అందులో అప్పు తీసుకున్నాయన పేరు, నాన్నగారి పేరు, ఇంటి హద్దులు అన్నీ ఉంటాయి. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర రోడ్డు అంటూ. మన దగ్గర వేలంలో వచ్చింది చాలకపోతే మిగతా అప్పూ మన నెత్తినే ఉంటుంది. కాలిఫోర్నియాలో మాత్రం నివాసముండే ఇల్లు కొనడానికే తీసుకున్న మొదటి అప్పైతే బ్యాంకు ఇంటిని తీసుకుని ఊరుకోవాల్సిందే, మనిషి వెంటపడకూడదు. అందుకే అప్పట్లో కొందరు తాళంచెవులు కవర్లో పెట్టి బ్యాంకుకి పోస్టు చేసి వెళ్లిపోయారు.

బావగారికి ఆ దారి లేదు. రెండో అప్పు ‘కొనడానికి’ తీసుకున్నది కాకుండా పోయింది. పెంచుకుని వాడుకున్నారు కదా, ఆ బ్యాంకు కోర్టుకెళ్లి జీతంమీద పడొచ్చు. పైగా ఫోర్‌క్లోజర్ అయితే మళ్లీ ఇంటి అప్పు పుట్టడానికి ఏడేళ్లు ఆగాలి. అప్పుడు ఎవరో చెప్పిందే షార్ట్ సేల్. ఇల్లు మనమే అమ్ముతాం, ఏజెంటుని పెట్టి, బోర్డు పెట్టి, మామూలుగానే. వచ్చే ధర అప్పుకి చాలదు. చాలకపోయినా సరేనని బ్యాంకు ఒప్పుకుని తాకట్టు విడిపిస్తుంది. మనకి పైసా రాదు. ఏజెంటు కమిషన్ కూడా బ్యాంకే ఆ డబ్బులోంచి ఇస్తుంది. వేలం వేసుకుంటే ఇంకా తక్కువొస్తుంది, ఖాళీ ఇంటిని కాపలా కాయాలి, కాబట్టి బ్యాంకుకీ అదే మేలు. మెడపట్టి గెంటించుకోకుండా తలుపు ముందునుంచి నడిచి బయటికి రావడమన్నమాట.

వినడానికి తేలిక. రెండు బ్యాంకులూ ఒప్పుకోవాలి. కొనేవాళ్లు నెలలకొద్దీ ఓపిక పట్టాలి. మొదట కొంటామని వచ్చినవాళ్లు నాలుగు నెలలు చూసి వేరే ఇల్లు చూసుకున్నారు. ‘మా తమ్ముడి పేరున కొనిపించి మీకే అద్దెకిస్తాం, మీ ఇంట్లో మీరే ఉండండి’ అని ఓ స్నేహితుడు ముందుకొచ్చాడు. కుదరదు. కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ చుట్టరికం గానీ లోపాయకారీ ఒప్పందం గానీ లేదని ఇద్దరూ సంతకం పెట్టాలి. ‘‘ఆ రాత్రి నేను ఏడ్చాను. ఇల్లు పోయినందుక్కాదు, ఆయన అంత మంచి మాట అన్నందుకు’’ అంది అక్క.

ఒక ఉత్తరం, ఎర్ర సిరా

షార్ట్ సేల్ కావాలంటే బ్యాంకుకి ఓ ఉత్తరం రాయాలి. ‘హార్డ్‌షిప్ లెటర్’. మాకొచ్చిన కష్టమిది, అందుకే కట్టలేకపోతున్నాం అని. దాంతో జీతం చీటీలు, పన్ను కాగితాలు, ఖాతా పుస్తకాలు. ఇంకో కాగితంలో ఆస్తులన్నీ చూపించాలి. అబద్ధం రాస్తే శిక్షకి సిద్ధమని కింద సంతకం.

అక్కడ ఆగిపోయారు బావగారు. ఎందుకంటే ఆయన పేరున ఓ ఆస్తి ఉంది. హైదరాబాదులో, శామీర్‌పేట వైపు 200 గజాల ప్లాటు. మావయ్యగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో 2005లో కొడుకు పేరున కొన్నారు. ‘ఇండియాది రాయకండి, వాళ్లకెలా తెలుస్తుంది?’ అన్నారు తెలిసినవాళ్లంతా. ఒక్కరు కూడా రాయమనలేదట. రాయాలంటే నాన్నగారికి చెప్పాలి. చెప్పాలంటే ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి చెప్పాలి. ఏడాదిపైగా ప్రతి ఆదివారం ఫోన్లో ‘అంతా బాగానే ఉంది నాన్నా’ అన్న మనిషి.

ఫోన్ చేశారు. అటు కాసేపు మాట లేదు. తర్వాత మావయ్యగారు అడిగింది ఒక్కటే: ‘‘ఉత్తరం రాశావా? రాసింది నాకు పంపు.’’

పంపారు. మర్నాడు తెనాలి బోసు రోడ్డులో నెట్ సెంటర్ నుంచి స్కాన్ చేసిన కాపీ తిరిగొచ్చింది. దాన్ని నేను చూశాను. బావగారు ఆ ఫైలు ఇప్పటికీ పారేయలేదు. రెండు పేజీల ఉత్తరమంతా ఎర్ర సిరా! స్కూల్లో కాంపోజిషన్ దిద్దినట్టే. ‘దయచేసి మమ్మల్ని కనికరించండి’ అన్న చోట ఒకే గీత, కొట్టేశారు. ‘దురదృష్టవశాత్తూ’ మూడుసార్లు వచ్చింది, రెండు కొట్టేశారు. ‘ఆర్థిక మాంద్యం వల్ల’ అన్నచోట మార్జిన్లో, ఉద్యోగం పోయిన తేదీ వెయ్యమని. చెల్లెలి పెళ్లికి వాడిన డబ్బు గురించి బావగారు ‘ఇంటి అవసరాలకు’ అని రాస్తే దాన్ని చుట్టి పక్కన ప్రశ్నార్థకం. కింద తెలుగులో ఒక వాక్యం: ‘ఇది అర్జీ కాదురా, వాంగ్మూలం. ప్లాటు సంగతి రాయి.’

రాశారు. రెండో బ్యాంకు ప్లాటు సంగతి చూసింది. అమ్మకం డబ్బులోంచి మొదటి బ్యాంకు తనకిచ్చే 6 వేలు చాలదనీ, ఇంకో 15 వేల డాలర్లు కడితే 95 వేల అప్పు పూర్తిగా రద్దు చేసి, ఇక ఎప్పుడూ అడగమని రాసిస్తాననీ అంది. అక్కావాళ్ల దగ్గర లేవు. 2010లో హైదరాబాదు శివార్లలోనూ కొనేవాళ్లు లేరు. అక్కడా మాంద్యమే, పైగా ఉద్యమం రోజులు. అయినా మావయ్యగారు తిరిగి తిరిగి ఆ ప్లాటు 9 లక్షలకి అమ్మించారు. అప్పటి 45 రూపాయల లెక్కన 20 వేల డాలర్లు. అమెరికా నుంచి డబ్బు రావడమే తెలిసిన వీధి నుంచి అమెరికాకి డబ్బు వెళ్లింది. పోస్టుమ్యాన్‌కి కూడా తెలీకూడదనుకున్నారేమో, ఆ వ్యవహారం గురించి ఆయన ఎవరితోనూ ఎన్నడూ అనలేదు. 2019లో పోయేదాకా అనలేదు.

ఇక్కడో వెక్కిరింత ఉంది. ఇల్లు రిజిస్ట్రేషన్ 2010 అక్టోబరులో అయింది, 3 లక్షల 15 వేలకి. తొమ్మిది నెలల తర్వాత, 2011 జులైలో కాలిఫోర్నియా చట్టం మార్చింది. షార్ట్ సేల్‌కి ఒప్పుకున్నాక రెండో బ్యాంకైనా సరే మిగతా అప్పు అడగకూడదు, ఒప్పుకోవడానికి షరతుగా అదనంగా డబ్బూ గుంజకూడదు అని. ఇంకో తొమ్మిది నెలలు ఆగి ఉంటే 15 వేలు మిగిలేవి. ఆగే వీలు లేదు, తలుపుకి వేలం కాగితం అంటించేశారు. ఇప్పుడా శామీర్‌పేట ప్లాటు ఎంతుంటుందో బావగారు లెక్కేయరు. నేను ఫోన్లో చూడబోతే ‘‘వద్దులేమ్మా’’ అన్నారు.

మాఫీ అయిన అప్పు 2 లక్షల 70 వేల పైచిలుకు. అమెరికా లెక్కలో మాఫీ అయిన అప్పు కూడా ఆదాయమే, పన్ను కట్టాలి! 2007లో తెచ్చిన ఓ చట్టం సొంతింటి కోసం చేసిన అప్పుకి మినహాయింపిచ్చింది. పెళ్లికి వాడిన భాగానికి అది వర్తించదు. ఆస్తులకన్నా అప్పులే ఎక్కువని వేరే ఫారంలో చూపించుకుని గట్టెక్కారు. ఈ సంగతి చెప్తూ మాత్రం బావగారు నవ్వారు.

అయిదు వీధుల అవతల

పాప మూడో తరగతిలో ఉండేది. బడి మారకూడదని అదే విలేజ్‌లో అయిదు వీధుల అవతల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. సామాను కారులోనే విడతలుగా చేరేశారు, ట్రక్కు పెడితే అందరూ చూస్తారని. చూడకేం చేస్తారు! అయితే వీధిలో ఎవరూ ఏమీ అడగలేదట. ‘‘సగం మందికి అదే గొడవ. ఎవరింటి బోర్డు వాళ్లకుంది’’ అంది అక్క. 2015లో మళ్లీ ఇల్లు కొన్నారు. చిన్నది. ముప్ఫయ్యేళ్లకి మారని వడ్డీ. ఈసారి చీటీలూ స్వీట్లూ లేవు.

ఊరు మాత్రం మునిగిన గుర్తు ఎక్కడా కనపడనివ్వదు. 2014లో హైస్కూలు వచ్చింది. 2024 జులైలో మౌంటెన్ హౌస్ అధికారికంగా నగరమైంది, 2011 తర్వాత కాలిఫోర్నియాలో ఏర్పడిన మొదటి నగరం. సాయంత్రమయ్యేసరికి ఆల్టమాంట్ కనుమలోంచి గాలి మొదలవుతుంది. చున్నీ పట్టుకుని నడవాలి. పార్కు బెంచీలమీద స్వెట్టర్లు, మఫ్లర్లు వేసుకున్న అమ్మానాన్నలు. ఆరునెలల వీసామీద వచ్చినవాళ్లు. ఒకావిడది నరసరావుపేట, ఒకాయనది కరీంనగర్. ఊరెలా ఉందండీ అంటే ‘‘ఊరు బాగానే ఉంది, ఊళ్లో ఏం లేదు’’ అన్నాడాయన. ఈ ఇళ్లు ఒకప్పుడు సగం ధరకి పడిపోయాయంటే నమ్మలేదు. ఇప్పుడు అక్కావాళ్ల పాత వీధిలో ఇల్లు కొనాలంటే 10 లక్షల డాలర్లకు అటూఇటూ.

పాత ఇల్లు చూపించమని నేనడగలేదు. మూడోరోజు సాయంత్రం అక్కే తీసుకెళ్లింది. ఇల్లమ్మిన రెండేళ్లదాకా ఆ వీధిమీదుగా వెళ్లేదే కాదట. ఆ రెండేళ్ల తర్వాత లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో ఓసారి ప్రసాదం వరసలో నిలబడితే, ముందున్నామె వెనక్కి తిరిగి ‘‘మీ పేరున మా ఇంటికి ఉత్తరాలొస్తుంటాయండీ’’ అంది. కర్నూలామె. 3 లక్షల 15 వేలకి ఆ ఇల్లు కొన్నది వాళ్లే. అక్క ఏం మాట్లాడాలో తెలీక ‘‘దానిమ్మ చెట్టుందా?’’ అని అడిగిందట.

ఉంది. ఫెన్సు మీదినుంచి కొమ్మలు బయటికి వేలాడుతున్నాయి. ఎర్రగా, పగుళ్లిచ్చి. గుమ్మానికి మామిడాకుల తోరణం, ప్లాస్టిక్‌ది. అక్క గేటు దగ్గరే ఆగింది. బెల్లు కొట్టక్కర్లేకపోయింది. కర్నూలామె ముందే కవరు సిద్ధం చేసి పెట్టింది, ప్రతి అక్టోబరులో పెడుతుందట. ‘‘లోపలికి రా అక్కా, టీ తాగిపోదురు’’ అంది. ‘‘మళ్లీ వస్తాంలేమ్మా’’ అంది అక్క. పదేళ్లుగా వాళ్లిద్దరూ ఇవే మాటలు అనుకుంటున్నారని నాకు అనిపించింది.

ఇంటికొచ్చాక కాయలు కడిగి, రెండు దేవుడి గూట్లో పెట్టి, ఒకటి కోసింది. గింజలు గిన్నెలోకి రాల్చి నాకో గుప్పెడు పెట్టి, తనో నాలుగు నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, మొహం అదోలా పెట్టింది.

‘‘ఈసారి చప్పగా ఉన్నాయి. ఆవిడ నీళ్లెక్కువ పోస్తోంది.’’